ఆరో నిబంధన

నోటితో చెప్పగలిగితే ఇదంతా రాసేదాన్ని కాదు. నా గొంతు ఎవరి చెవినా పడకూడదు కనక రాస్తున్నాను. వాక్యం వంకరగా ఉంటే ఉండనివ్వండి. జరిగింది మాత్రం సూటిగానే చెబుతాను.

నా పేరు నూకరత్నం. 'తూర్పు కెరటం' దినపత్రికకీ దాని టీవీకీ కలిపి ఊళ్ళలో పదకొండు వందల మంది విలేకరులున్నారు. వాళ్ళకీ విశాఖలో ఉన్న ఆఫీసుకీ మధ్య మాట నడిపే ఉద్యోగం నాది. అంతర్గత సమాచార విభాగం అంటారు. విభాగమంటే ఒక బల్ల, ఒక మైకు, నేను. పదో తరగతి తప్పినదాన్ని ఆ కుర్చీలో ఎందుకు కూర్చోబెట్టారంటే, అంతకుముందు మూడుసార్లు యూనియన్ తరఫున విలేకరుల్ని పోగుచేసి ఆఫీసు గేటు ముందు ధర్నా టెంటు వేశాను. నాలుగోసారి వేయకుండా లోపలికి పిలిచారు. నేను వెళ్ళాను. ఆ సంగతి దాచను.

వెళ్ళిన మొదటి వారమే 'రివ్యూ' ఆపించాను. మేనేజింగ్ ఎడిటర్ చక్రపాణిగారు రోజూ పొద్దున ఆరింటికి అందరి ఫోన్లకీ పంపే తిట్ల పట్టీ అది. ఎదుటి పత్రికలో వచ్చి మన పత్రికలో రాని వార్తలు, పక్కన ఆ విలేకరుల పేర్లు. అది చూశాకే మావాళ్ళు టీ తాగేవాళ్ళు. పేరున్నవాడికి ఆ టీ కూడా దిగేది కాదు. దాని బదులు అదే ఆరింటికి నా గొంతుతో మూడు నిమిషాల 'పొద్దుటి మాట' పెట్టాను. తొమ్మిది నిబంధనలు రాసి అందరికీ పంపాను.

ఎనిమిదింటి సంగతి వదిలేయండి. ఆరోది మాత్రం చెప్పాలి. మా విలేకరి ఒకడు ఫోన్లో విన్నమాట పట్టుకుని బతికున్న మనిషి చావు వార్త రాసేశాడు. ఊరికి వెళ్ళిన భర్త చచ్చిపోయాడని పేపర్లో చదివి ఆ ఇల్లాలు అక్కడికక్కడే పడిపోయింది. అందుకని రాశాను: చావు వార్త రాసేవాడు ఆ ఇంటికి స్వయంగా వెళ్ళాలి. నేలమీద కూర్చోవాలి. ఇంటివాళ్ళు తమంతట తాము నోరు తెరిచేదాకా ఎంతసేపైనా ఆగాలి. వాళ్ళ మాట లేని కాపీ చెల్లదు.

మొదట నవ్వారు. తర్వాత అలవాటైంది. గుడిముందు చెప్పులు విడిచినట్టు అయిపోయింది. మిగతా నిబంధనలన్నీ ఎగ్గొట్టేవాడు కూడా ఆరోదాన్ని ఎగ్గొట్టడు. మా ఆయన లోకనాథం కూడా ఆ పత్రికకే మండల విలేకరి. వేటకెళ్ళి రాని జాలరి ఇంటిముందు ఓసారి ఐదు గంటలు కూర్చున్నాడు, ఆ తల్లి "మావోడికి ఈతొచ్చు బాబూ" అనేదాకా.

ఇసుక దొంగరవాణా చేసేవాళ్ళు మా ఇద్దరు విలేకరుల చేతులు విరిచాక డెబ్బై మంది భయపడి గుర్తింపు కార్డులు వెనక్కి పంపేశారు. అప్పుడు యాజమాన్యం ఒక డాక్టరును తెచ్చింది. పేరు ఇందుమౌళి. మెదడు మీద పరిశోధన చేసినవాడు, ముప్పై దాటని కుర్రవాడు. రెండో అంతస్తులో అద్దాల గది ఇచ్చారు.

"మీ గొంతు కావాలి మేడమ్," అన్నాడు. "మీరు మామూలుగానే మాట్లాడండి. దాని అడుగున నేనొక సన్నని మోత కలుపుతాను. చెవికి తెలీదు. మెదడులో భయం పుట్టే చోటికి మాత్రం తెలుస్తుంది. దానికి నెమ్మది అని పేరు పెట్టాను."

"భయం పోతుందా?"

"పుట్టదు."

గేటు ముందు టెంటులో ఎన్నోసార్లు అరిచిన మాట అది, భయం వదలండి అని. అది గొట్టంలోంచి వస్తుందంటే ఒద్దంటానా? ఒప్పుకున్నాను.

మొదట ఎనిమిది మంది విలేకరులకి ఇరవై ఒక్క రోజులు వినిపించారు. ఇరవై రెండో రోజు వాళ్ళని ఆ గదిలో కూర్చోబెట్టి చక్రపాణిగారిని లోపలికి పంపారు. ఆయన అరగంట తిట్టారు. మావాళ్ళు ఆయన్ని వానని చూసినట్టు చూశారు.

"ఏంటయ్యా, చెవులు పనిచేయట్లేదా మీకు?"

"పనిచేస్తన్నాయండి," అన్నాడు కూర్మారావు. "చెప్పండి, వింటన్నాం."

కూర్మారావుది నాగావళి ఒడ్డున ఒక ఊరు. సరిగ్గా అప్పుడే పైకప్పు నుంచి బల్లి అతని నడినెత్తిన పడింది. పోయినేడు ఇలాగే భుజం మీద పడితే మీటింగు వదిలేసి ఇంటికెళ్ళి తలస్నానం చేసి దీపం పెట్టుకున్న మనిషి, ఇప్పుడు దాన్ని కాగితం ముక్కలా తీసి బల్ల మీద పెట్టి, "ఊఁ, కానీండి సార్," అన్నాడు. గదంతా నవ్వులు. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే.

ఆ నెల నుంచి పదకొండు వందల మందికీ, ఆఫీసులో ఉన్నవాళ్ళకీ నెమ్మది కలిపిన పొద్దుటి మాటే వెళ్ళింది. విననివాడికి ఆరుంపావుకి ఆఫీసు నుంచి ఫోన్ వెళ్తుంది, వినాలి. నేను మాత్రం వినలేదు. నా గొంతు రికార్డులో వింటే నాకు ఒళ్ళు జలదరిస్తుంది, ఎప్పుడూ అంతే. మాట్లాడేటప్పుడు వినిపించే సొంత గొంతుకి ఆ మోత ఉండదు. అంచేత మా పత్రికలో భయం మిగిలింది నాకొక్కదానికే. ఆ సంగతి అప్పటికి నాకు తట్టలేదు.

వార్తలు వరదలా వచ్చాయి. ఇసుక లారీలకి ఎదురెళ్ళి ఫొటోలు తీశారు. ఎమ్మెల్యే ఇంటిముందు నిలబడి లైవ్ ఇచ్చారు. "అక్కా, నీ మాట వింటే గుండె గట్టిపడిపోతంది," అని రోజుకి నలభై మెసేజీలు. పొంగిపోయాను. మనిషిని పొగడ్త ఎంత గుడ్డిదాన్ని చేస్తుందో నన్ను చూసి నేర్చుకోవచ్చు.

ఒక ఆదివారం పొద్దున డాబా మీద బట్టలు ఆరేస్తున్నాను. వెనక్కి తిరిగితే మా విమ్మి పిట్టగోడ మీద నిలబడి ఉంది. విముక్తి దాని పేరు, ఆరేళ్ళది. కిందకి రెండంతస్తులు, సిమెంటు రోడ్డు. దానికి మూడడుగుల దూరంలో లోకనాథం కుర్చీ వేసుకుని పేపర్ చదువుతున్నాడు. తలెత్తి దాన్ని చూశాడు. నా కళ్ళతో నేను చూశాను, అతను చూశాడు. చూసి పేజీ తిప్పాడు.

నేను ఎలా వెళ్ళానో తెలీదు. దాన్ని నడుం పట్టి లాగి కింద పడ్డాను. మోచేతులు చీరుకుపోయాయి.

"నువ్వు చూడలేదా?" అని అరిచాను.

"సూశాను."

"పడిపోతే?"

"దిగిపోద్దిలే అనుకున్నాను. ఏటే ఆ వణుకు? ఏటీ అవలేదు కదా."

అతని గొంతులో విసుగు లేదు, కోపం లేదు. కూతురంటే ప్రాణం పెట్టే మనిషి. ఆ ప్రేమ అలాగే ఉంది, మాకు టీ పెట్టి తెచ్చాడు కూడా. దాని కింద ఉండే గుబులు ఒక్కటి పోయింది. గుబులు పోయిన ప్రేమ కుర్చీలో కూర్చుని పేపర్ చదువుకుంటుంది. అది ఆ రోజు తెలిసింది నాకు.

తర్వాతి గురువారం కూర్మారావు వీడియో వచ్చింది. నాగావళికి వరద. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి మొదలుపెట్టాడు. నీరు నడుం దాకా వచ్చింది. ఒడ్డున జనం రమ్మని కేకలు వేస్తున్నారు, అవన్నీ వీడియోలో వినిపిస్తున్నాయి. అతను వాళ్ళవైపు చెయ్యి ఊపి మళ్ళీ కెమెరావైపు తిరిగాడు. "నీరు గుండెల దాకా వచ్చిందండి. చల్లగా ఉందండి. ప్రవాహం బాగా ఎక్కువగా..." అక్కడిదాకా ఉంది. మొహం నిండా ప్రశాంతం.

సిబ్బందికి సంతాపం సర్క్యులర్ రాయడం కూడా నా పనే. రాయలేదు. సరాసరి చక్రపాణిగారి గదిలోకి వెళ్ళాను.

"ఇవాళే ఆపెయ్యాలి సార్. లేకపోతే రేపు గేటు ముందు టెంటు వేస్తాను."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "వెయ్యమ్మా. ఒకప్పుడు నువ్వు టెంటు అంటే నాకు నిద్రపట్టేది కాదు, తెలుసా? ఇప్పుడు ఎంత హాయిగా ఉందో. నేనూ రోజూ వింటున్నానుగా నీ మాట."

"మనిషి పోయాడు సార్."

"పోయాడు. పాపం మంచివాడు. వీడియోకి పదహారు లక్షల మంది..."

"నేను ఇక రికార్డు చేయను."

"చేయకు. నీవి నూట ఎనభై ఉన్నాయి మా దగ్గర. అటూ ఇటూ అతికితే ఏడాది వస్తాయి. కొన్నాళ్ళు సెలవు తీసుకో."

బయట కారిడార్లో యూనియన్ పాతవాళ్ళు నలుగురు కనిపించారు. టెంటు సంగతి చెప్పాను. నవ్వుతూ విన్నారు. "ఎందుకక్కా, అంతా బాగానే ఉందిగా," అన్నారు. ఇరవై ఏళ్ళు పోరాటం చేసి నేను తెలుసుకోని విషయం అక్కడ నిలబడి తెలుసుకున్నాను. మేం ఒకరి పక్కన ఒకరం నిలబడింది భయంతోనే. ఉద్యోగం పోతుందని, పిల్లలు పస్తుంటారని, ఒంటరిగా ఉంటే నలిపేస్తారని. అటు యజమాని మా మాట విన్నదీ భయంతోనే. ఆ రెండు భయాలూ తీసేస్తే యూనియన్ లేదు, బేరం లేదు, ఏమీ లేదు.

ఇందుమౌళి గదికి వెళ్ళాను. తలుపు తీయగానే అతను జేబులోంచి దూది తీసి రెండు చెవుల్లో కుక్కుకున్నాడు. తెల్ల కాగితం నావైపు తోశాడు.

"రాసి అడగండి మేడమ్. ఏమీ అనుకోకండి."

కూర్చుని రాశాను: నా మామూలు గొంతుకి కూడానా?

"అవునండి. మొదట మోతే పనిచేస్తుంది. మూడు వారాలు దాటాక మెదడు ఆ పనిని మీ గొంతుకే ముడివేసుకుంటుంది. మోత అక్కర్లేదు. మీరు ఇంట్లో 'అన్నం తిను' అన్నా చాలు."

ఆ రోజు డాబాపై లోకనాథం మీద ఎంత అరిచానో గుర్తొచ్చింది. అరిచినకొద్దీ అతను ఎందుకు నెమ్మదించాడో అప్పుడు అర్థమైంది.

పోయేదెలా? అని రాశాను.

"ఎనిమిది రోజులు మీ గొంతు అసలు వినకపోతే భయం తిరిగొస్తుందనుకుంటున్నాను. అనుకుంటున్నానంతే."

ఆ తర్వాత మళ్ళీ వింటే?

"ఒక్క మాటకే మళ్ళీ మొదటికి."

ఎన్నేళ్ళ తర్వాతైనా?

అతను నా మొహం చూడలేదు. "తెలీదండి. ఆపమని మూడుసార్లు రాసిచ్చాను. మిషను కంపెనీదన్నారు."

ఆ రోజు నుంచి ఇంట్లో నోరు మూశాను. విమ్మితో కూడా సైగలే, మాట ఆయన చెవిన పడకూడదు కదా. "గొంతు పోయిందేటే?" అని లోకనాథం అడిగి, నేను తల ఊపితే వేడినీళ్ళు పెట్టిచ్చాడు. నోరు మూసినా ఏం లాభం? పొద్దున ఆరయ్యేసరికి అతని ఫోన్లో నేను మాట్లాడేదాన్ని. ఫోన్ దాస్తే వెతికి వినేవాడు. వినొద్దని రాసి చూపిస్తే, "ఏటవుద్దే?" అనేవాడు. పక్కగదిలో చెవులు మూసుకుని కూర్చుని, గోడ అవతల నా గొంతు నా మొగుణ్ణి కొద్దికొద్దిగా చంపుతుంటే లెక్కపెట్టేదాన్ని, మూడు నిమిషాలు.

మంగళవారం పదకొండింటికి తీరంలోని మందుల ఫ్యాక్టరీలో ట్యాంకు కారుతోందని వార్త వచ్చింది. సెలవు తీసుకోమన్నా నేను ఆఫీసు వదల్లేదు, అక్కడే ఉన్నాను. ఆ మండలం లోకనాథానిది. తెరమీద అతని సందేశం: "గేటు దగ్గర ఉన్నాను. లోపలి నుంచి అందరూ బయటికి పరిగెడుతున్నారు. లోపలికి వెళ్తున్నాను."

ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. నంబరు నొక్కాను కూడా. ఒక్కసారి మోగగానే పెట్టేశాను. ఏమని చెప్పను? వెళ్ళకు అన్నా, విమ్మి మీద ఒట్టు అన్నా, ఏడ్చినా, అతని చెవికి అది నెమ్మదే. నా కేకతోనే అతన్ని లోపలికి తోసినట్టవుతుంది.

సందేశం పంపాను: "లోపలికి వెళ్ళొద్దు. ఇంటికి వచ్చేయ్."

"వస్తాలే. ఇది అయ్యాక."

చక్రపాణిగారి పేరు పెట్టి పంపాను: "తక్షణం వెనక్కి రావాలి. లేకపోతే ఉద్యోగం ఉండదు."

"సరేనండి. ట్యాంకు ఫొటో తీసి వస్తాను."

ఆజ్ఞకి కోరలు భయంలోనే ఉంటాయి. భయం లేనివాడికి ఆజ్ఞ వట్టి అక్షరాలు. తెరవైపు చూస్తూ ఆలోచించాను. ఇతనిలో ఇంకా ఏం మిగిలింది? ప్రేమ ఉంది, కదలదు. కోపం రాదు. మిగిలిందల్లా పని. పదిహేనేళ్ళుగా వేళ్ళకి అలవాటైన పని.

వార్తలు దిద్దే డెస్కు, సరిచూడమని విలేకరికి కాపీ తిప్పి పంపే పేజీ తెరిచాను. టైపు చేశాను.

"ఫ్యాక్టరీ ప్రమాదంలో విలేకరి మృతి. తీరంలోని మందుల ఫ్యాక్టరీలో మంగళవారం ట్యాంకు పేలిన ఘటనలో 'తూర్పు కెరటం' విలేకరి లోకనాథం (41) అక్కడికక్కడే మరణించారు. ఆయనకు భార్య, కుమార్తె ఉన్నారు." కింద ఎర్ర అక్షరాల్లో: సరిచూసి పంపండి.

రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత వచ్చింది.

"వయసు 41 కాదు, 42. పేలలేదు ఇంకా, కారుతోంది. పేలాక మార్చండి. ఫొటో పాతది వేయొద్దు, మీసం ఉన్నది వేయండి. మిగతా సరే."

ఆ 'మిగతా సరే' చదివినప్పుడు నాకు కలిగిన భయం చచ్చేదాకా నాతోనే ఉంటుంది. చుట్టూ డెస్కులో ముప్పై మంది నవ్వుకుంటూ పనిచేసుకుంటున్నారు. వాళ్ళ మధ్య నేనొక్కదాన్నే పళ్ళు టకటకలాడిస్తూ కూర్చున్నాను. ఆఖరి వరస టైపు చేశాను.

"మృతుడి భార్య వివరణ లేదు. కాపీ చెల్లదు. ఆరో నిబంధన."

తెర మీద మూడు చుక్కలు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి.

"అవును. మర్చిపోయాను. ఇంటికి వెళ్తున్నాను."

ఆఫీసు మెట్లు దిగేటప్పుడు చెప్పులు వదిలేశానని ఆటోలో గమనించాను. ఇంటికి చేరి తలుపు తీసిన పది నిమిషాలకి బండి చప్పుడైంది. లోకనాథం చెప్పులు బయట విడిచాడు. సొంత ఇంట్లోకి పరాయి ఇంట్లోకి వచ్చినట్టు తల వంచుకుని వచ్చాడు. నాకెదురుగా నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, నోట్‌బుక్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"మీకు తోచినప్పుడు చెప్పండమ్మా," అన్నాడు. "తొందర లేదు."

నన్ను అతను 'అమ్మా, మీరు' అనడం పెళ్ళయ్యాక అదే మొదలు. లేచి అతని జేబులోంచి ఫోన్ తీసి మజ్జిగ గిన్నెలో వేశాను. బుడగలు రావడం అతను ప్రశాంతంగా చూశాడు. నేను తిరిగొచ్చి ఎదురుగా కూర్చుని పెదాలు బిగించాను. ఇంటివాళ్ళు నోరు తెరిచేదాకా ఆగాలి. రాసింది నేనే.

పన్నెండున్నరకి దూరాన పెద్ద చప్పుడైంది. కిటికీ అద్దాలు అదిరాయి. అతను అటు చూసి, నోట్‌బుక్‌లో 'పేలింది' అని రాసుకుని, మళ్ళీ నావైపు తిరిగాడు. మా టీవీ కెమెరా మనిషి గేటు లోపలే ఉండిపోయాడని సాయంత్రం తెలిసింది. చెవిలో ఇయర్‌ఫోన్ ఉందట, కెమెరా భుజం మీదే ఉందట. ఆ ఇయర్‌ఫోన్లో ఎవరి గొంతు ఉందో నన్ను అడగొద్దు.

ఎనిమిది రోజులు. అన్నం పెడితే తిన్నాడు, చాప వేస్తే పడుకున్నాడు, లేచి మళ్ళీ నోట్‌బుక్ పట్టుకుని కూర్చున్నాడు. గడువు దాటిపోతుందన్న బెంగ మామూలు విలేకరిని గంటకొకసారి లేపేస్తుంది. ఆ బెంగ కూడా తీసేశారు కదా. ఆ ఒక్క చోట వాళ్ళ మిషను నాకు పనికొచ్చింది. ఆ రోజుల్లోనే అతని ఎదురుగా కూర్చుని ఈ కాగితాల్లో చాలావరకు రాశాను. ఇవి చేతికి అందినవాళ్ళు నకలు తీసి పక్క మండలానికి ఇవ్వండి. పొద్దున ఆరింటికి ఫోన్ తెరవకండి. ఎనిమిది రోజులు ఓర్చుకోండి. మీకు మళ్ళీ భయం వేస్తే నా కష్టం ఫలించినట్టే.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం అతని చేతిలో పెన్ను కదలడం చూశాను. రాయడం లేదు, వణుకుతోంది. వేళ్ళ నుంచి మణికట్టుకి, అక్కడి నుంచి భుజానికి పాకింది. నుదుటిమీద చెమట. నోట్‌బుక్‌లో తన పేరు, పక్కన 42, దాని పక్కన 'మృతి' అని తన చేతిరాతే చూసుకుని దాన్ని దూరంగా విసిరేశాడు.

"ఏమే," అన్నాడు. గొంతు బొంగురుపోయింది. "పాపేదే?"

వేలు పైకి చూపించాను. డాబా మీద ఆడుకుంటోంది.

మెట్లమీద అతని అడుగులు రెండేసి మెట్లు దాటి వెళ్ళడం విన్నాను. ఒక్క క్షణం తర్వాత విమ్మి ఏడుపు. దాన్ని గుండెకి అదుముకుని దిగొచ్చాడు, దానికి ఊపిరాడనంత గట్టిగా. "గోడ దగ్గరకి ఎల్లనని సెప్పు. సెప్పవే," అంటూనే ఉన్నాడు. నా కాళ్ళ దగ్గర కూలబడి, పిల్లని వదలకుండానే నా చీర కుచ్చెళ్ళు పట్టుకున్నాడు. ఒళ్ళంతా మలేరియా వచ్చినట్టు ఊగిపోతున్నాడు.

"నాను ట్యాంకు దగ్గరికి ఎల్లిపోయుండేవోణ్ణి కదా. కూర్మారావు నీల్లలో నిలబడుంటే నాను నవ్వానే. ఏటైపోయింది రత్నం మనకి? ఏదోటి అను. నాకు బయ్యమేస్తంది. ఒక్క మాట అనవే."

ఒక్క మాట చాలు. ఏ మాటైనా చాలు, వెంటనే ఆ వణుకు తగ్గిపోతుంది. అతని తల నా ఒళ్ళోకి తీసుకున్నాను. రెండో చేత్తో నా నోరు గట్టిగా మూసుకున్నాను.